వాన దేశం గింజ

నా ఉద్యోగంలో అతి పెద్ద తప్పును నేను మంచి ఎండలో, దగ్గరుండి, ఎంతో శ్రద్ధగా చేశాను. ఏమరుపాటున చేసిందైతే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని. అటవీ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు షేర్ ఆటో ఎక్కి కల్లూరులోని మా ఇంటికి వస్తుంటారు. నర్సరీ పని గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటారు. మంచి మాటలు మీకు శిక్షణలోనే చెప్పి ఉంటారు. నేను ఆ తప్పు గురించి చెబుతాను, వినండి.

మాది ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు. నాన్న నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. నేను చదువు పేరు చెప్పి మగ్గానికి దూరంగా జరిగి, చివరకు అటవీ శాఖలో తేలాను. మొదటి తొమ్మిదేళ్ళు కర్నూలు దగ్గర నర్సరీలోనే గడిచాయి. అక్కడ మేం పెంచినవన్నీ మన ఎండకు పుట్టిన చెట్లు. చింత, తుమ్మ, రేల, ఇలాంటివి. వాటి గింజల్ని బాగా ఎండబెట్టి, చెరిగి, డబ్బాలో పోసి మూత పెడితే చాలు. మరుసటి ఏడు తీసి నానబెట్టినా లేస్తాయి. నా డబ్బాల్లో పురుగు కనిపించేది కాదు. తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు ఒకాయన మూత తీసి చూసి, "గింజల్ని ఎట్లా దాచాలో ఈమెను చూసి నేర్చుకోండి" అని అందరి ముందూ అన్నాడు. ఆ మాట నా తలకెక్కి అక్కడే కూర్చుంది.

ఆ తల పెట్టుకునే కడప జిల్లాకు బదిలీ మీద వెళ్ళాను. పాలకొండల కింద నర్సరీ. దానికి మైలు దూరంలో ఒక నేత ఊరు. మగ్గాల చప్పుడు విని ఆ ఊళ్ళోనే గది తీసుకున్నాను. ఇంటావిడ మా అమ్మ కంటే పెద్దది, భర్త పోయాక ఒంటరిగా మగ్గం మీద బతుకుతోంది. రెండో రోజు నుంచే నేను ఆమెను అత్తా అనడం, ఆమె నన్ను పాపా అనడం మొదలైంది.

నర్సరీలో పని నాది. పైన కొండ మీద కాపలా ఒక వాచరుది. కడప సాయిబు, నాకంటే పదేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మెడలో ఒక పచ్చ తువ్వాలుతో ఉండేవాడు. ఆయన్ను నేను అన్నా అనేదాన్ని. ఆయన నన్ను ఎన్నిసార్లు వద్దన్నా మేడమ్మా అనే పిలిచేవాడు. కొండ ఎక్కేటప్పుడు మాట్లాడేవాడు కాదు. ఊపిరి వేస్ట్ అనేవాడు.

మొదటిసారి ఆయన నన్ను పైకి తీసుకెళ్ళిన రోజు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంటుంది. రెండు గంటల సేపు కాలిపోతున్న బండల మీద నడక. చెప్పుల్లోంచి వేడి తగులుతోంది. ఒక మలుపు తిరగగానే గాలి మారింది. కింద లోతుగా ఒక కోన. ఎవరో తలుపు తీసి చల్లటి గదిలోకి రమ్మన్నట్టు అనిపించింది. ఎక్కడో బండ సందులోంచి నీటి చుక్క పడుతున్న చప్పుడు. వెలుతురు కూడా అక్కడ ఆకుపచ్చగా, నీళ్ళలో ఉన్నట్టుగా ఉంది. ఆ కోన అంచున ఏడు చెట్లు. నిటారుగా, నల్లటి బెరడుతో, గుండె ఆకారం ఆకులతో.

"ఇవే మేడమ్మా తంబ చెట్లు" అన్నాడాయన. బెరడు మీద గడ్డకట్టిన జిగురు ముక్క ఒకటి గిల్లి నా చేతిలో పెట్టాడు. నలిపితే గుగ్గిలం వాసన.

తంబ మన కొండల చెట్టు. ఈ కొండలు, పక్కన తమిళనాడు వైపు కొన్ని కొండలు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను పెరగదు. ఉన్నవి కూడా ఏటా తగ్గిపోతున్నాయని, వీటి మొక్కలు పెంచి తీరాలని పైనుంచి మాకు ఉత్తర్వు వచ్చి ఉంది. ఇలాంటి చెట్టు ఏటా కాయదు. మా అదృష్టం కొద్దీ ఆ ఏడు కాసింది. జూన్ మొదట్లో వాచరన్న రెండు గోతాల గింజలు వీపు మీద మోసుకొచ్చాడు. ఒక్కో గింజకు కాగితం లాంటి ఐదు రెక్కలు.

నేను ఆ గింజల్ని షెడ్డు పైన డాబా మీద పోయడం చూసి ఆయన మెట్ల దగ్గరే నిలబడిపోయాడు.

"ఆరబెట్టొద్దు మేడమ్మా. నేను శానా ఏండ్లు చూసినా. తడి నేల మీద పడినవే లేస్తాయి. బండ మీద పడినవి ఒగటి గూడా లేవలా."

"పచ్చి గింజ దాస్తే బూజు పడుతుందన్నా. తొమ్మిదేళ్ళు ఇదే పని చేశాను."

ఆయన వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాడు. మూడు రోజులు ఎండబెట్టాను. పిట్టలు రాకుండా పక్కనే గొడుగు వేసుకుని కూర్చున్నాను. రెక్కలు విరిచి, చెరిగి, వేపాకు కలిపి డబ్బాలో పోశాను. మట్టి సంచులు తయారయ్యాక, మూడో వారంలో విత్తాను. పొద్దునా సాయంత్రం నీళ్ళు. ఇరవై రోజులైంది, నెలైంది. ఒక్క మొలక లేదు. ఒక సంచి తవ్వి గింజను చీలిస్తే లోపల నల్లగా, పొడిపొడిగా రాలింది.

మా రేంజరు చూడటానికి వచ్చాడు. కోయిలకుంట్ల వైపు రైతు కుటుంబం మనిషి, మంచివాడే, కానీ పై వాళ్ళకు జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు గొంతు పెద్దదయ్యేది. వరసల మధ్య అటూ ఇటూ నడిచి నా ముందు ఆగాడు.

"ఏమ్మా, ఇన్ని సంచుల్లో ఒగటి గూడా లేవలేదా? ఎండబెట్టినావా సరిగ్గా?"

"మూడు రోజులు ఎండబెట్టాను సార్."

"మరి ఏమైంది?"

జవాబు నా నోట్లోనే ఉంది. ఆ మెట్ల దగ్గర నిలబడి వద్దన్న మనిషి మాటే ఆ జవాబు. కానీ నేను ఇలా అన్నాను: "గింజే బాగాలేదు సార్. పొల్లు గింజలు ఏరుకొచ్చినట్టున్నాడు."

అంతే. ఒక్క వాక్యం. ఆ వారంలోనే వాచరన్నను కొండ మీది నుంచి తీసి, రోడ్డు మీద చెక్‌పోస్టులో కర్ర ఎత్తి దించే పనికి వేశారు. కొండ తప్ప ఇంకేదీ తెలియని మనిషి. పోయే ముందు నర్సరీకి వచ్చి కొండ మీది కాపలా గది తాళం చెవి నా టేబుల్ మీద పెట్టాడు.

"పోయొస్తా మేడమ్మా. కోన దారిలో రెండో బండ కదుల్తాండాది, చూసి కాలు పెట్టు" అన్నాడు.

కోపంగా ఏదైనా అని ఉంటే నాకు సులువుగా ఉండేది.

మరుసటి ఏడు చెట్లు కాయలేదు. చెట్ల మీద పరిశోధన చేసే ఒక మేడం తంబను చూడటానికి వచ్చి మా నర్సరీలో రెండు రోజులున్నారు. డబ్బాలో అడుగున మిగిలిన గింజలు చూపించి, ఇవి ఎందుకు లేవలేదని అడిగాను. ఆమె ఒకటి చీల్చి, చూసి, చాలా మెల్లగా నవ్వారు.

"వీటిని ఎండబెట్టారా?"

"అవును మేడం."

"అదే వీటికి తెలియని పని."

ఆ రోజు మధ్యాహ్నం కోనలో ఒక బండ మీద కూర్చుని ఆమె చెప్పిన సంగతి నేను మరిచిపోలేను. తంబ చుట్టాలన్నీ ఎక్కడో మలయా, బోర్నియోల వానల అడవుల్లో ఉన్నాయట. అక్కడ ఈ జాతి చెట్లు గోపురాల్లా నిలబడి ఉంటాయట. కింద నిలబడి తలెత్తితే ఆకాశం చిన్న చిన్న ముక్కలుగా తప్ప కనిపించదు. దాదాపు రోజూ వానే. నేల మీద ఆకులు ఎప్పుడూ తడిసి, మెత్తగా, వెచ్చగా ఉంటాయి. కొన్నేళ్ళకోసారి ఆ చెట్లన్నీ ఒక్కసారిగా పూసి, ఒక్కసారిగా కాసి, గింజల్ని గాలిలోకి వదులుతాయి. రెక్కల గింజలు గిరగిరా తిరుగుతూ దిగుతాయి. పడిన చోటే కొద్ది రోజుల్లో వేరు దించేస్తాయి.

"నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది కదా, అందుకని ఆ గింజలకు ఆగాల్సిన పని పడలేదు. ఆగడం నేర్చుకోలేదు. మీ తంబ చెట్టు ఎంత కాలం కిందటో ఈ కొండల్లో ఉండిపోయింది. చెట్టు ఎండకు అలవాటు పడింది. గింజ మాత్రం ఇంకా ఆ వానలోనే ఉంది" అన్నారు ఆమె.

ఆమె చెప్పడం అయిపోయాక కూడా నేను అక్కడే కూర్చున్నాను. నీటి చుక్క చప్పుడు వింటూ కళ్ళు మూసుకుంటే, ఆ ఏడు చెట్ల వెనకాల ఇంకా వందల చెట్లు, వాటి వెనకాల మంచు, ఆగకుండా కురిసే సన్నటి వాన కనిపించాయి. వేసవి మధ్యాహ్నం, కడప కొండల్లో, నా జుట్టు తడిసిందేమోనని చేత్తో తడిమి చూసుకున్నాను కూడా.

కళ్ళు తెరిచాక మిగిలింది నేను చేసిన పని. గింజలు మంచివే. వాటిని ఎండలో చంపింది నేను. చంపొద్దని చెప్పిన మనిషిని కొండ దింపించింది నేను.

వెంటనే వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడ్డానని చెబితే మీకు నచ్చుతుంది. నేను అలా చేయలేదు. కడపకు వెళ్ళే బస్సు ఆ చెక్‌పోస్టు ముందు నుంచే పోయేది. చెక్‌పోస్టు వచ్చేసరికి నేను అవతలి కిటికీ వైపు తల తిప్పుకునేదాన్ని. అలా ఏడాది దాకా తల తిప్పాను.

ఆ పైయేడు వేసవిలో కొండ ఎక్కితే ఏడు చెట్లూ లేత పసుపు పూలతో ఉన్నాయి. మే నెలాఖరుకు కొమ్మల నిండా కాయలు. ఎప్పుడు రాలుతాయో చెప్పగలిగిన మనిషి ఒక్కడే. ఆ రోజు బస్సు దిగి చెక్‌పోస్టు దగ్గరికి నడిచాను. ఆయన రేకుల నీడలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"అన్నా, ఆ గింజలు మంచివే. నేను ఎండబెట్టి చంపాను. తప్పు నీ మీద చెప్పాను."

"తెల్సు గదా" అన్నాడు.

"తెలిసి మరి ఏమీ అనలేదేం?"

"అంటే ఆ పొద్దు నువ్వు ఒప్పుకుంటావా? నీ డబ్బా మీద నీకు శానా నమ్మకం." అంతలో లారీ వస్తే కర్ర ఎత్తి, దించి, మళ్ళీ నా వైపు తిరిగాడు. "మేడమ్మా, ఈ మాట చెప్పనీకే వచ్చినావా? లేకుంటే చెట్టు కాసిందా?"

"కాసిందన్నా. ఏడూ కాశాయి."

అప్పుడు చూడాలి ఆయన మొహం. నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. ఆ సంగతి ఆయనకు ముఖ్యమైనదిగా తోచలేదు. "గాలి తిరిగినాదా? పడమటి గాలి తోలుతాందా పైన?" అని అడగడం మొదలుపెట్టాడు.

అక్కడి నుంచి నేరుగా రేంజరు ఆఫీసుకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన చేతిలోని కాగితాలు పక్కన పెట్టాడు.

"నేను గూడా రైతు బిడ్డనే గదమ్మా. విత్తనమంటే ఎండాల్సిందే అనుకుంటి. నువ్వు చెప్తే నమ్మితి. ఆ మనిషిని ఒగ మాట అడగకపోతిమి చూడు, ఇద్దరమూ." తర్వాత గొంతు పెంచాడు. చాలాసేపు తిట్టాడు. తిట్టడం అయ్యాక వాచరన్నను మళ్ళీ కొండకు పంపే కాగితం మీద సంతకం చేశాడు.

అన్న, నేను వరసగా మూడు రోజులు కోనకు ఎక్కి దిగాం. వేడి బండల మీద పడకుండా చెట్ల కింద పరచడానికి అత్త తన పాత చీరలు నాలుగు ఇచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం దాటాక పడమట మబ్బు లేచింది. ఆయన బెరడుకు చెవి ఆనించినట్టు నిలబడి, "ఇంగ చూడు" అన్నాడు.

గాలి వచ్చింది. ముందు ఒక గింజ, తర్వాత పది, తర్వాత లెక్కలేనన్ని. ఆకాశమంతా గిరగిరా తిరుగుతూ దిగుతోంది. చప్పుడు లేదు. ఎంత నెమ్మదిగా దిగాయంటే, ఒక గింజను పైకొమ్మ దగ్గర ఎంచుకుని నేలకు చేరేదాకా చూడగలిగాను. కొన్ని గాలికి కోన మీదుగా తేలిపోయాయి. కొన్ని మా తలల మీద, భుజాల మీద వాలాయి. ఆయన రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు, ఆయన పచ్చ తువ్వాలు నిండా రెక్కలే. నేను ఎక్కడున్నానో నాకు తెలియలేదు. కడపలో ఉన్నానో, ఆ మేడం చెప్పిన అడవుల్లో ఉన్నానో. నోరు తెరిచి వాన కోసం ఎదురు చూశాను.

వాన రాలేదు. మబ్బు మా మీదుగా తూర్పుకు వెళ్ళిపోయింది. గాలి ఆగిపోయి వేడి తిరిగొచ్చింది. కల చెదిరిపోయింది.

"ఇంగ నిలబడితే కాదు. తడపాల" అన్నాడాయన.

తాగడానికి తెచ్చుకున్న డబ్బాలో నీళ్ళన్నీ చీరల మీద పోశాం. గింజల్ని తడి చీరల్లో మూటలు కట్టి, తలో రెండు ఎత్తుకుని దిగాం. నాలుక పిడచకట్టుకుపోయినా ఇద్దరిలో ఒక్కరమూ నీళ్ళ మాట ఎత్తలేదు. తీరా నర్సరీ చేరేసరికి బోరు మోటారు కాలిపోయి ఉంది. తొట్టిలో నీళ్ళు లేవు. మడుల్లో మట్టి రాయిలా ఎండి ఉంది. మెకానిక్కు రావడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నారు. మూటలు అప్పటికే అంచుల్లో ఆరుతున్నాయి.

ఏం చేయాలో తోచక మూటలతోనే ఇంటికి నడిచాం. అత్త మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేస్తోంది. సంగతి విని తొక్కుడు పలకల మీద కాలు ఆపింది.

"ఎన్ని దినాలు తడిగా ఉండాల?"

"వేరు వచ్చేదాకా అత్తా. ఎండ తగలకూడదు, ఆరకూడదు. అలాగని నీళ్ళలో మునగనూ కూడదు."

"నీది మగ్గం ఇల్లు అంటావే! నూలు తెగకుండా మీ నాయన గుంటను ఎట్ల పెట్టుకున్యాడో నువ్వు చూడలేదా?" అంది. "ఈడ దించండి. ఈ గుంట ఎండకాలం గూడా చెమ్మ ఆరదు."

నాకు సిగ్గేసింది. పొడిగాలి తగిలితే పోగు తెగుతుందని, మగ్గం గుంటలో చెమ్మ నిలిచి ఉండాలని నేను నడక రాకముందే చూసి ఉంటాను. ఆ ఇంటి నుంచి బయటపడాలన్న తొందరలో అక్కడ నేర్చుకున్నదంతా అక్కడే వదిలేసి వచ్చాను.

గుంట మూలల్లో తడి ఇసుక పోసి, మూటలు విప్పి గింజల్ని పరిచి, పైన తడి గోతాలు కప్పాం. అత్త నేత ఆపలేదు. ఒప్పుకున్న చీర అది. కాళ్ళు దగ్గరకు ముడుచుకుని, గింజలకు తగలకుండా పలకలు తొక్కేది. గంటకోసారి చెంబుతో నీళ్ళు చిలకరించేది. వాచరన్న వాకిట్లో కూర్చుని ఉండేవాడు. నేను మోటారు కోసం నర్సరీకి, గింజల కోసం ఇంటికి తిరుగుతుండేదాన్ని. నాలుగో రోజు పొద్దున నేను ఇంకా వీధి మలుపులో ఉండగానే అత్త కేక వినిపించింది.

"పాపా! కాళ్ళు వచ్చినాయే! గింజలకు కాళ్ళు వచ్చినాయి!"

గోతం ఎత్తి చూశాం. గింజ చివర తెల్లటి వేరు, బియ్యపు గింజంత, ఇసుక వైపు వంగి. ఒకటి కాదు, మూల మూలనా. వాచరన్న గుంట అంచున మోకాళ్ళ మీద కూర్చుని వాటిని చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత మోటారూ బాగైంది, వానలూ పడ్డాయి. సంచుల్లో నింపడానికి చెట్ల కింది మట్టే కావాలని ఆయన పట్టుబట్టి కోన నుంచి మోయించాడు. ఈసారి నేను ఎదురు చెప్పలేదు. నూటికి పైగా మొక్కలు నిలిచాయి.

మరుసటి ఏడు వానలకు వాటిని కొండ మీద నాటాం. బోడిగా ఉన్న చదును మీద తాడు పట్టి, వరసగా, దారిలోంచి కనిపించేలా నాటమని ఉత్తర్వు. అన్న ఆ చదును వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. మేమిద్దరం మొక్కల్ని కోన వాలులో, పెద్ద చెట్ల నీడలో, ఆకుల తడి ఉన్న చోటల్లా ఒక్కొక్కటిగా పెట్టాం. మూడు నెలలకు రేంజరు తనిఖీకి వచ్చాడు.

"యాడమ్మా మొక్కలు? నాకు అడివి తప్ప ఏం కనపడల్యా."

"ఈడనే సార్. కొంచెం వంగి చూడాల" అన్నాడు వాచరన్న.

రేంజరు టోపీ తీసి బండ మీద పెట్టి వంగాడు. ఆకులు పక్కకు తీస్తూ కోనలో ఒక్కడే తిరిగాడు. ఒకటి కనిపించింది. కాసేపటికి ఇంకొకటి. కొంతసేపటికి మమ్మల్ని మరిచిపోయినట్టున్నాడు. పావుగంట తర్వాత మోకాళ్ళకు మట్టితో తిరిగి వచ్చాడు. "వరసలో నాటల్యా అని నేను రాయాల" అన్నాడు. కానీ రాయలేదు.

నేను రిటైరై కొన్నేళ్ళైంది. పోయిన వానాకాలం, ఆ కొండకు బీటు ఆఫీసరుగా కొత్తగా వచ్చిన అమ్మాయి చెయ్యి పట్టుకుని, ఆగి ఆగి కోన దాకా ఎక్కాను. తంబలు కొన్ని తలెత్తి చూడాల్సినంత పెరిగాయి, కొన్ని నా భుజం దాటాయి, కొన్ని మోకాలి ఎత్తున ఉన్నాయి, కొన్ని అప్పుడే రెండాకులు వేశాయి. ఏవి మేం నాటినవో, ఏవి చెట్లు తామే రాల్చి పెంచుకున్నవో తెలియలేదు. ఆ అమ్మాయి లెక్క రాసుకోవడానికి పుస్తకం తీసి, "మేడం, మీవి ఏవి?" అని అడిగింది.

"తెలియదమ్మా" అన్నాను.

ఆమె పెన్ను పట్టుకుని ఎదురు చూసింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ ప్రశ్నకూ ఆ జవాబు నా నోట రాలేదు. సన్నగా వాన మొదలైంది. పుస్తకం తడవకుండా ఆ పిల్ల కొంగు కింద దాచుకుంది. నేను అలాగే నిలబడి తడిశాను.